రిలీజు ఎవరి ల్యాప్‌టాప్‌లోంచి వస్తోంది?

ఓపెన్ సోర్సు గురించి మాట్లాడేటప్పుడు మనమంతా ఒక మాట అలవాటుగా అనేస్తుంటాం. "సోర్సు అందరికీ కనిపిస్తుంది కదా, ఇంక అందులో మోసం ఎలా చేస్తారు?" అని. వినడానికి బానే ఉంటుంది. కానీ మనలో ఎంతమందిమి సోర్సు దించుకుని, చదివి, బిల్డు చేసుకుని వాడుతున్నాం చెప్పండి? పిప్ ఇన్‌స్టాల్ అని కొడతాం, ఏదో ఫైలు వస్తుంది, పని జరిగిపోతుంది. ఆ ఫైలు ఆ సోర్సులోంచే వచ్చిందని మనకెవరు చెప్పారు? ఎవరి కంప్యూటరు మీద తయారైంది? ఆ కంప్యూటర్లో ఇంకేమేం ఉన్నాయి? చాలా చిన్న ప్రాజెక్టుల్లో దీనికి జవాబు ఒక్కటే - ఎవరో ఒకాయన ల్యాప్‌టాప్. ఆయన మంచివాడు కాబట్టి బండి నడుస్తోంది, అంతే.

ఇదేదో దూరంనుంచి చూసి రాళ్ళేయడం కాదులెండి. పదేళ్ళ పైబడి అలాంటి ఓ చిన్న ప్రాజెక్టులో వేలు పెట్టి, దాని టెస్టింగునీ రిలీజునీ మనిషి చేతిలోంచి మిషను చేతిలోకి మార్చే పనిలో బోలెడు శనివారాలు తగలేసినవాణ్ణి. ఆ అనుభవంతో నాలుగు ముక్కలు చెబుదామని ఈ టపా. కాస్త పొడుగే, ఓపిక పట్టండి.

మా ప్రాజెక్టు పాతకాలపు స్ప్రెడ్‌షీటు ఫైళ్ళని చదివే లైబ్రరీ. లోపలంతా సీ, పైన పైథాను తొడుగు. పేరు చెప్పినా మీలో చాలామందికి తెలీదు, కానీ మీరు వాడే ఏదో పెద్ద ప్యాకేజీకి నాలుగో అంతస్తు కింద పునాదిలో ఇది ఉన్నా ఉండొచ్చు. 2005లో మొదలెట్టినాయన నెదర్లాండ్స్‌లో ఉంటారు. మేమంతా పెద్దాయన అంటాం. (మేమంతా అంటే మొత్తం కలిపి నలుగురం!) నేను 2013లో చేరాను. ఎలా చేరానంటే, మా ఆఫీసులో ఒక రిపోర్టులో టైములన్నీ సరిగ్గా అరగంట తేడాగా వస్తున్నాయి. వెతుక్కుంటూ పోతే ఈ లైబ్రరీలో తేలింది. గ్రీనిచ్ టైముకి ఎన్ని గంటల తేడా అని లెక్కేసేచోట పూర్తి గంటలే తీసుకుని, మిగతాది కొట్టేస్తున్నారు. యూరప్‌లో కూర్చుని రాస్తే అది తప్పని ఎప్పటికీ తెలీదు. ఐదున్నర గంటల దేశంలో కూర్చున్నవాడికి మొదటి రోజే తెలుస్తుంది.

సవరణ పంపించాను. తీసుకున్నారు. దానికి టెస్టు కూడా రాయమన్నారు. రాశాను. తమాషా ఏంటంటే, ఆ టెస్టు నా మిషను మీద తప్ప ఎక్కడా ఆ బగ్గుని పట్టుకోదు. తర్వాతెప్పుడో మేం పెట్టుకున్న టెస్టు సర్వర్లన్నీ గ్రీనిచ్ టైములోనే నడుస్తాయి మరి. అందుకని ఇప్పుడు మా టెస్టులు ప్రతిసారీ నాలుగు టైములు పెట్టుకుని నాలుగుసార్లు నడుస్తాయి - గ్రీనిచ్, మన కోల్‌కతా, ఐదుముప్పావు గంటల ఖాట్మండు, పన్నెండుముప్పావు గంటల చాటమ్ దీవులు. చాటమ్ దీవుల్లో మా లైబ్రరీ వాడేవాళ్ళెవరైనా ఉన్నారా అని అడక్కండి.

రిలీజు సంగతికొస్తే, దానికి ఒక టెక్స్టు ఫైలుండేది. అందులో 23 అంచెలు. వెర్షను నంబరు మార్చు, మార్పుల జాబితా రాయి, టెస్టులు నడుపు, టార్‌బాల్ కట్టు, వర్చువల్ మిషనులో ఉన్న పాత విండోస్ తెరిచి అక్కడ బిల్డు చెయ్యి, సంతకం పెట్టు, పైపీఐకి ఎక్కించు... ఇలా. పదిహేడో అంచె "విండోస్ అప్‌డేటు అడిగితే వద్దని చెప్పు". నవ్వొస్తుంది గానీ, పద్నాలుగేళ్ళు ఒక మనిషి జీతం లేకుండా ఆ 23 అంచెలూ ఒక్కటీ వదలకుండా చేసుకుంటూ వచ్చాడు. మనం ఆఫీసులో రిలీజు రాత్రి పిజ్జాలు తెప్పించుకుని, కాంపాఫులు రాయించుకుని చేసే పని అది.

2019లో ఒక భద్రతా లోపం బయటపడింది. పాడైపోయిన ఫైలు ఇస్తే, లైబ్రరీ తనది కాని మెమరీలోకి రాసేస్తోంది. ఇది చిన్న విషయం కాదు, ఎవడైనా కావాలని అలాంటి ఫైలు తయారుచేసి పంపించవచ్చు. మాలో ఒకతను రెండు రోజుల్లో సవరణ రాసేశాడు. కానీ అది జనానికి చేరడానికి 19 రోజులు పట్టింది. ఎందుకంటే పెద్దాయన ఆపరేషనయ్యి ఆస్పత్రిలో ఉన్నారు. సంతకం చేసే కీ, పైపీఐ పాసువర్డు, ఆ పాత విండోసు, అన్నీ వాళ్ళింట్లో బల్లమీదున్న ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. సోర్సులో మందు ఉంది, అందరికీ కనిపిస్తోంది, మింగడానికి మాత్రం లేదు. ఆ 19 రోజుల్లో ఒక కంపెనీవాళ్ళు ఎంత మర్యాదగా బెదిరించారో! ఆస్పత్రిలో ఉన్న మనిషికి మెయిళ్ళు రాయలేక, వీళ్ళకి జవాబు చెప్పలేక మేం ముగ్గురం నలిగిపోయాం.

అప్పుడు కూర్చున్నాం ఆటోమేషనుకి.

ముందు టెస్టులు. పెద్దాయన ల్యాప్‌టాప్ మీద ఒక్కటీ తప్పకుండా పాసయ్యే టెస్టుల్ని ఖాళీ మిషను మీద నడిపితే 11 పడిపోయాయి. ఒకటి డైరెక్టరీలో ఫైళ్ళు అక్షరక్రమంలో వస్తాయని నమ్ముకుంది. (రావు. ఫైలు సిస్టం ఇష్టం అది.) ఇంకొకటి దశాంశానికి చుక్క బదులు కామా ఉండాలని పట్టుబట్టింది, ఆయన కంప్యూటరు డచ్చి భాషలో ఉంది కదా! డిక్షనరీలో వరస ఎప్పుడూ ఒకేలా ఉంటుందనుకున్నవి రెండు. ఇవన్నీ టెస్టింగు తెలిసినవాళ్ళకి కొత్తేం కాదు. "నా మిషను మీద పనిచేస్తోంది" అనే మాటకి అర్థం ఇంత లోతుగా ఉంటుందని మాత్రం నాకప్పుడే తెలిసింది.

రెండోది, కోడు కలపడం. ఇక్కడ రస్ట్ భాషవాళ్ళ దగ్గర ఒక మంచి పద్ధతి ఉంది. ఆ భాష మొదలెట్టిన గ్రేడన్ హోర్ 2013 ప్రాంతంలో బోర్స్ అనే బాటుని రాశాడు. దాని వెనకున్న సూత్రాన్ని 2014లో వివరంగా రాస్తూ, ఇదేం రాకెట్ సైన్సు కాదు అన్నాడు - టెస్టులన్నీ పాసయ్యే కోడు తప్ప ఇంకేదీ మెయిను బ్రాంచిలో ఎప్పుడూ ఉండకుండా మిషనుతోనే చూసుకోవాలి, అంతే. ఇందులో కిటుకు ఎక్కడుందంటే, చాలామంది తమ మార్పుని విడిగా టెస్టు చేసి, పాసైతే కలిపేస్తారు. నేను ఒక ఫంక్షను పేరు మార్చాననుకోండి, నా మార్పు పాసవుతుంది. అదే రోజు మీరు పాత పేరుతో ఆ ఫంక్షన్ని కొత్తచోట వాడారు, మీదీ పాసవుతుంది. రెండూ కలిస్తే బిల్డే అవదు. తప్పెవరిది? ఎవరిదీ కాదు. బోర్స్ ఏం చేస్తుందంటే ముందు కలిపి, ఆ కలిపినదాన్ని టెస్టు చేసి, అది పాసైతేనే మెయినుని అక్కడికి జరుపుతుంది. పడితే మెయిను ఉన్నచోటే ఉంటుంది. గిట్‌హబ్‌లో ఈ సదుపాయం 2023లో అందరికీ వచ్చింది. అంటే పదేళ్ళు పట్టింది. అప్పటిదాకా మాబోటిగాళ్ళం సొంతంగా రాసుకున్న స్క్రిప్టులతో నెట్టుకొచ్చాం.

మధ్యలో 2020 చివర్లో ఇంకో ముచ్చట. మాకు టెస్టు మిషన్లు ఉచితంగా ఇస్తున్న ఒక కంపెనీ ఆ ఉచితాన్ని ఆపేసింది. నెల రోజుల్లో సామాను సర్దుకుని ఇంకో ఇంటికి మారాం. పోనీలెండి, ఇన్నాళ్ళు ఇచ్చారు. కానీ ఒక నియమం మాత్రం అప్పుడే పెట్టుకున్నాం. టెస్టులు నడిపే అసలు పనంతా మామూలు స్క్రిప్టులోనే ఉండాలి, ఏ సర్వీసువాడి ఫైలులోనైనా ఆ స్క్రిప్టుని పిలిచే రెండు లైన్లకి మించకూడదు. మళ్ళీ ఇల్లు మారాల్సొస్తే తేలిగ్గా ఉంటుందని.

ఇక రిలీజు. ఐదు పైథాను వెర్షన్లు, లైనక్సు రెండు రకాల ప్రాసెసర్ల మీద, మ్యాకు రెండు రకాలు, విండోసు ఒకటి. ఐదు ఐదులు పాతిక ఫైళ్ళు, పైన సోర్సు టార్‌బాల్. పాతికనీ మిషనే కట్టి, ప్రతిదాన్నీ ఖాళీ మిషను మీద ఇన్‌స్టాల్ చేసి, అలా ఇన్‌స్టాల్ అయినదాని మీదే టెస్టులు నడిపేలా చేశాం. ఈ చివరి ముక్క చాలామంది వదిలేస్తారు. సోర్సు ఫోల్డర్లో నిలబడి టెస్టు చేస్తే మీరు సోర్సుని టెస్టు చేసినట్టు. జనం చేతికి వెళ్ళేది ప్యాకేజీ.

పాతిక ఫైళ్ళ వరకు పెద్దాయన సరేనన్నారు. ఆ విండోసు పీడ వదిలినందుకు సంతోషించారు కూడా. టార్‌బాల్ దగ్గర మాత్రం ఆగిపోయారు. "సోర్సు టార్‌బాల్ నేనే కడతాను, నేనే సంతకం పెడతాను. ఇన్నేళ్ళూ అలాగే చేశాను, ఎవరూ వేలెత్తి చూపలేదు. ఇప్పుడు నా మీద నమ్మకం పోయిందా?" అని రాశారు. ఏం చెప్పాలి? మీ మీద నమ్మకం లేక కాదండీ, మిమ్మల్ని నమ్మాల్సిన అవసరమే జనానికి లేకుండా చేద్దామని, అని రాశాను. అది ఇంగ్లీషులో ఇంకా కటువుగా వినపడుతుందేమో, నెల రోజులు జవాబు లేదు. తర్వాత మామూలుగానే మాట్లాడారు గానీ ఆ సంగతి మేమెవ్వరం ఎత్తలేదు. టార్‌బాల్ ఆయన చేతిలోనే ఉండిపోయింది. 2024 దాకా.

2024 మార్చి 29న ఏమైందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషను లైబ్రరీలో దొంగదారి ఉందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డెవలపరు బయటపెట్టాడు. ఎస్సెస్‌హెచ్ లాగిన్‌కి మామూలు కంటే అరసెకను ఎక్కువ పడుతోందని అనుమానమొచ్చి తవ్వాడట. అరసెకను! మనమైతే నెట్టు స్లోగా ఉందనుకుని టీ తాగడానికి వెళ్ళేవాళ్ళం. ఈ కథ అందరూ చెప్పుకున్నదే. నాకు అందులో టెస్టింగు, రిలీజు వైపునుంచి కనిపించినవి మాత్రం చెబుతాను.

ఆ దొంగ కోడు అసలు సరుకు ఎక్కడ దాచారంటే, టెస్టు ఫైళ్ళలో. పాడైన ఫైలిస్తే లైబ్రరీ ఏం చేస్తుందో చూడ్డానికి పాడైన ఫైళ్ళు పెట్టుకోవడం కంప్రెషను లైబ్రరీకి మామూలే. వాటిని ఎవరు తెరిచి చూస్తారు? చూసినా ఏం అర్థమవుతుంది? మా దగ్గరా అలాంటివి వందకి పైగా ఉన్నాయి. అవన్నీ గిట్‌లో అందరి కళ్ళముందే ఉన్నాయి. కానీ ఆ సరుకుని బయటకి లాగి బిల్డులో కలిపే మొదటి మీట మాత్రం గిట్‌లో లేదు. రిలీజు టార్‌బాల్‌లో మాత్రమే ఉంది, ఒక బిల్డు స్క్రిప్టులో. ఆ తరహా టార్‌బాళ్ళలో గిట్‌లో లేని, మిషను పుట్టించిన స్క్రిప్టులు ఉండటం మామూలు కాబట్టి తేడా ఉన్నా ఎవరూ పోల్చి చూడరు. జియా టాన్ అనే పేరుతో 2021నుంచీ ఓపిగ్గా పనిచేసి మెయింటెయినరయిన వ్యక్తికి ఇది బాగా తెలుసు. 5.6.0, 5.6.1 రెండు వెర్షన్లూ అలాగే వచ్చాయి. ఒక మనిషి తన కంప్యూటరు మీద కట్టి, సంతకం పెట్టి ఇచ్చినవే. సంతకం కూడా సరైనదే!

అసలు మెయింటెయినరు లాస్సె కాలిన్ ఏళ్ళ తరబడి ఒంటరిగా, డబ్బులేకుండా ఆ పని చేస్తూ అలసిపోయి ఉన్నాడు. 2022లో ఎవరెవరో కొత్త పేర్లతో వచ్చి, రిలీజులు ఆలస్యమవుతున్నాయి, ఇంకొకరికి అప్పగించు అని సతాయించారు. ఆ ఉత్తరాలు చదువుతుంటే నాకు మా 2019నాటి 19 రోజులే గుర్తొచ్చాయి. ఆ రోజుల్లో ఎవరైనా మర్యాదగా వచ్చి "నేను సాయం చేస్తాను, కీ నాకివ్వండి" అని ఉంటే మేం ఇచ్చేసేవాళ్ళమేనేమో.

ఇంకో విషయం. మిషన్లు అరవకుండా ఏం లేవు. ఫ్రాయిండ్ రాశాడు, అంతకు కొన్ని వారాల ముందే పోస్ట్‌గ్రెస్ ఆటోమేటిక్ టెస్టుల్లో వాల్‌గ్రిండ్ ఏదో వింత ఫిర్యాదు చేయడం గుర్తొచ్చిందని. ఆ వాల్‌గ్రిండ్ ఫిర్యాదుల్ని కప్పిపుచ్చడానికే 5.6.1లో మార్పులు చేశారు, బయటకి మాత్రం వేరే కారణం చెప్పి. అంతకుముందు 2023లో, గూగుల్ నడిపే ఓఎస్సెస్-ఫజ్‌లో తమకు అడ్డొచ్చే ఒక అంశాన్ని ఆపేయమని అడిగి మరీ ఆపించుకున్నారు. అంటే దొంగ భయపడింది కోడు చదివే మనుషులకు కాదు, విసుగులేకుండా నడిచే టెస్టులకు.

ఆ వారంలో పెద్దాయనే మెయిలు రాశారు. "నా పాత టార్‌బాళ్ళు అన్నీ గిట్ ట్యాగులతో పోల్చి చూడండి. నేను చూస్తే లెక్కలోకి రాదు" అని. ఒక ఆదివారమంతా కూర్చుని 61 టార్‌బాళ్ళు పోల్చాను. దేవుడి దయవల్ల చెడ్డదేమీ లేదు. ఎడిటరు వదిలేసిన బ్యాకప్ ఫైళ్ళు కొన్ని, ఆయన సొంత సెట్టింగుల ఫైలు ఒకటి. 2016నాటి ఒక రిలీజులో మాత్రం రైళ్ళ టైములు రాసుకున్న చిన్న టెక్స్టు ఫైలు దొరికింది. ఎనిమిదేళ్ళుగా ప్రపంచమంతా దాన్ని డౌన్‌లోడు చేసుకుంటోంది, ఒక్కరూ చూడలేదు :) ఆయనకి పంపిస్తే, అది వాళ్ళమ్మాయిని చూడ్డానికి వెళ్ళిన ప్రయాణమని చెప్పారు.

ఆ తర్వాత పని త్వరగానే అయిపోయింది. ఇప్పుడు టార్‌బాల్ కూడా ట్యాగులోంచి మిషనే కడుతుంది. ఫైళ్ళ వరస, తేదీలు స్థిరంగా పెట్టాం కాబట్టి అదే ట్యాగునుంచి మీరు మీ ఇంట్లో కట్టుకున్నా అక్షరం తేడా లేకుండా అదే టార్‌బాల్ రావాలి. (డెబియన్‌వాళ్ళు 2013నుంచి ఇలా చేస్తే వస్తుందని నిరూపిస్తూ వస్తున్నారు.) బిల్డు మొదలెట్టే ముందు టెస్టుల ఫోల్డరు మొత్తం తీసేస్తాం, అందులో ఏమున్నా బిల్డుని తాకకూడదని. పైపీఐ పాసువర్డు ఎవరి దగ్గరా లేదు. 2023లో వచ్చిన కొత్త పద్ధతిలో, రిలీజు జరిగే సమయానికి మిషనుకి 15 నిమిషాలు మాత్రమే చెల్లే టోకెను దొరుకుతుంది. ట్యాగు పెట్టినవాళ్ళు కాకుండా ఇంకొకరు ఒప్పుకుంటేనే ఎక్కుతుంది. పూర్తిగా మనిషి లేకుండా రిలీజు చేసేయడం నాకిష్టం లేదు. మార్పుల జాబితా ఒకసారి చదివే మనిషి ఒకరుండాలి.

మిషనుకి అప్పగించేశాం కదా అని గుండెమీద చెయ్యేసుకుని పడుకోవడం కూడా కుదరదు. 2025 మార్చిలో ఏమైంది? గిట్‌హబ్‌లో 23 వేలకు పైగా ప్రాజెక్టులు వాడుతున్న ఒక చిన్న సీఐ పరికరంలోకి ఎవరో దూరి, దాని వెర్షను ట్యాగులన్నీ ఒక చెడ్డ కమిట్‌కి తిప్పేశారు. అది నడిచిన ప్రతిచోటా రహస్యాలు లాగుల్లోకి ముద్రించింది. ట్యాగు పేరు కాకుండా పూర్తి కమిట్ హాష్ రాసుకున్నవాళ్ళు బతికిపోయారు. మేం హాష్‌లే రాస్తాం, పైగా బయటి పరికరాలు మూడుకి మించి వాడం. మిగతావి షెల్లు స్క్రిప్టులు, చదవడానికి అందంగా ఉండవు, అయినా సరే.

ఇవన్నీ ఒక ఎత్తు, ఎర్రలైటు ఒక ఎత్తు. టెస్టు పడితే మనం మొదట చేసే పనేంటి? "మళ్ళీ నడుపు" బటను నొక్కడం. ఆఫీసులో చూస్తూనే ఉన్నాం కదా. 2016లో గూగుల్‌వాళ్ళే రాశారు - వాళ్ళ టెస్టుల్లో దాదాపు 16 శాతం ఎప్పుడో అప్పుడు ఊరికే పడేవేనట. పాసవుతూ ఉన్నది ఫెయిలవడం కనిపించినప్పుడు, 84 శాతం సార్లు అలాంటి టెస్టే ఉంటుందట. అలాంటప్పుడు బటను నొక్కేవాణ్ణి తప్పుపట్టలేం. కానీ ఆ మిగతా 16 శాతం సంగతేంటి?

మాకూ అలాంటి టెస్టొకటి ఉండేది. నలభైసార్లకి ఒకసారి పడేది. రెండేళ్ళు అందరూ బటను నొక్కుతూ వచ్చారు. ఒకరోజు మా ఆఫీసులో టెస్టింగు లీడుగా చేసే ఆవిడకి మాటల్లో చెప్పాను. ఆవిడ అమీర్‌పేటలో మాన్యువల్ టెస్టింగు నేర్చుకుని వచ్చినావిడ, కోడు పెద్దగా రాయరు. ఆటోమేషను మా ఉద్యోగాలు తినేస్తుందని నాతో చాలాసార్లు వాదించారు కూడా. ఆవిడ రెండు ప్రశ్నలడిగారు. "ఎన్నిసార్లు పడిందో చెప్తున్నారు, ఏ మిషను మీద పడిందో రాసుకున్నారా? దానికి ముందు నడిచిన టెస్టు ఏంటో చూశారా?" చూడలేదు, ఎవరూ. పాత లాగులు తిరగేస్తే, ప్రతిసారీ ఆర్మ్ ప్రాసెసరు మీదే పడింది, ప్రతిసారీ పాడైన ఫైళ్ళ టెస్టు దానికి ముందు నడిచింది. రెండు గంటల్లో దొరికింది. విలువ పెట్టకుండా వదిలేసిన మెమరీని చదువుతున్న నిజమైన బగ్గు, 2011నుంచీ ఉంది.

ఆవిడ వాదనకి నా దగ్గర పూర్తి జవాబు ఇప్పటికీ లేదు. 23 అంచెల్లో 21 మిషను చేస్తుంటే ఎవరో ఒకరి పని పోయిన మాట నిజం. కంపెనీలు లెక్కేసేది ఆ 21నే. ఆవిడ అడిగిన ప్రశ్నల్ని ఏ పద్దులో రాయాలో వాళ్ళకి తెలీదు. మా ప్రాజెక్టులో మాత్రం ఇప్పుడు "మళ్ళీ నడుపు" నొక్కాలంటే ముందు ఒక వాక్యం రాయాలి - ఏ మిషను, ఏ టెస్టు, ఎందుకు పడిందని అనుకుంటున్నారు. రాయకపోతే బాటు ఒప్పుకోదు. మొదట్లో అందరూ తిట్టుకున్నారు, నాతో సహా.

మిగిలిన రెండు అంచెల్లో ఒకటి మార్పుల జాబితా రాయడం. అది ఇప్పటికీ పెద్దాయనే రాస్తారు. రెండోది, విడుదలయ్యాక ఒక రోజాగి ఫిర్యాదులొచ్చాయేమో చూడటం. పోయిన నెలనుంచి ఆ పని ఆవిడ చేస్తున్నారు.